ఒక్కటే పేరు

ప్రింటర్‌లోంచి వచ్చిన కాగితం చూడగానే పరిశోధక విద్యార్థినికి ఒళ్ళు మండింది. క్వాంటం డాట్లనే వెలుగునిచ్చే అతిసూక్ష్మ కణాల ఉపరితలాన్ని ఆమ్లంతో శుద్ధి చేసి, వాటి వెలుగును మూడింతలు చేసింది తను. వ్యాసం శీర్షిక కింద మాత్రం గైడ్ మేడమ్ పేరొక్కటే ఉంది.

తీసుకెళ్ళి ఆవిడ బల్ల మీద కొట్టింది.

"కష్టం నాది, పేరు మీదా మేడమ్?"

"కింద కూడా చదువు."

అది వ్యాసాన్ని వెనక్కి తీసుకుంటూ పత్రికకు రాసిన లేఖ. వెలుగును కొలిచే పరికరంలో వేసిన కొత్త దీపం వల్లే వెలుగు పెరిగినట్టు కనిపించిందని, సరిచూడకపోవడం పూర్తిగా తన తప్పేనని మేడమ్ రాశారు.

ఆ దీపం మార్చింది విద్యార్థినే.

"నీకింకా ఉద్యోగం రావాలి కదమ్మా."

"నా తప్పు మొయ్యమని మిమ్మల్ని ఎవరడిగారు?" అంటూ పెన్ను లాక్కుని, మేడమ్ పేరు కొట్టేసి తన పేరు రాసింది.