తలుపు మూయని ఇన్‌స్పెక్టర్

ఇన్‌స్పెక్టర్ భ్రమరాంబ తలుపు ఎందుకు మూయదు?

2004లో విశాఖపట్నంలో టీవీ ఉన్న ప్రతి ఇంట్లోనూ ఇదే గొడవ. 'ఆరో నంబరు స్టేషన్' సీరియల్ మూడేళ్ళు నడిచింది. అందులో భ్రమరాంబ కత్తికి జడవదు, తుపాకికి జడవదు. కానీ వానొచ్చినా, చలేసినా తన గది తలుపు మాత్రం వేయదు. ఎందుకో చెప్పకుండానే సీరియల్ అవగొట్టేశారు. జనం తిట్టిపోశారు. ఇప్పుడు ఆవిడ ఇరవయ్యేళ్ళ పిల్లగా ఉన్నప్పటి సంగతులు చెబుతామంటూ 'అంతకు ముందు' అని కొత్త సీరియల్ మొదలెట్టారు.

దానికి తోడు ఒక పోటీ. కారణమేమిటో ఊహించి పోస్టుకార్డు మీద రాయాలి. గెలిచినవాళ్ళ ఇంటికి కెమెరాతో వచ్చి, ఇంటిల్లిపాదితోనూ మాట్లాడి టీవీలో చూపిస్తారు. శనివారంలోగా కార్డు చేరాలి.

'ఇంటిల్లిపాదితోనూ' అన్న మాట విన్నప్పటి నుంచి సూర్యకళకి కంటి మీద కునుకు లేదు. ఈ రోజు అప్పుడే మంగళవారం.

పెందుర్తి అవతల కొత్త కాలనీలో వాళ్ళ ఇల్లు. చుట్టూ ఖాళీ ప్లాట్లే. భర్త వీరేంద్రకి పోర్టులో షిఫ్టు డ్యూటీ. "మీ ఆవిడ కనబడరేంటి?" అని ఎవరడిగినా "ఒంట్లో బాగోదండి" అంటాడు. వంట అతనే చేస్తాడు, బట్టలు అతనే ఉతుకుతాడు. పెళ్ళాన్ని కాలు కింద పెట్టనివ్వడని, రెండు ప్లాట్ల అవతలుండే పద్మావతి తన మొగుణ్ణి రోజూ దెప్పుతుంది. సీరియల్ వేళకి వీరేంద్ర కుర్చీ తెచ్చుకుని సూర్యకళ గది గుమ్మంలోనే కూర్చుంటాడు. మంచం మీదున్న ఆమెకి అతని భుజం పక్కనుంచి సగం టీవీ కనిపిస్తుంది.

పదకొండు నెలలుగా ఆమె లోకం అంతే. నాలుగు గోడలు, ఒక మంచం, సగం టీవీ. ఒక్కోసారి ఊపిరాడక దిండు నోట్లో కుక్కుకుని ఏడుస్తుంది. కెమెరా వాళ్ళొస్తే ఒక్క కొత్త మొహమైనా చూస్తుంది. ఒక్క మాటైనా మాట్లాడుతుంది. అందుకే ఆ కార్డు గెలిచి తీరాలి.

కానీ కార్డు రాసేది వీరేంద్ర. అతని బుర్రలో దూరిందేమో పాము.

"పామేనే. సిన్నప్పుడు గదిలో పాము కరిసుంటాది. డూటీకాడ దొరబాబు కూడా అదే అన్నాడు," అన్నాడు కార్డు మోకాలి మీద పెట్టుకుని.

కాదంటే మొదటికే మోసం. ఏ మాటైనా వీరేంద్ర నోట్లోంచే పుట్టాలి.

"పామే అయ్యుంటాది బావా," అంది సూర్యకళ. "మరి పాముకి బయపడినోళ్ళు తలుపులు మూసుకుంతారు గదా. తెరిసుంటే ఇంకోటి రాదేటి?"

వీరేంద్ర పెన్ను ఆగింది. చెవి వెనక గోక్కున్నాడు.

"అయితే పాము కాదు. మరేటంటావు?"

"నాకేటి తెలుసు. నువ్వే సెప్పాల."

కాసేపు పైకప్పు కేసి చూశాడు. "ఎవులో గదిలో ఎట్టి మూసేసుంటారు. దొంగలు."

"అబ్బ, నాకు తట్టనే లేదు బావా."

నాలుగు రోజులుగా ఆ మాట కోసమే ఆమె కాచుకుని ఉంది. ఆత్రం బయటపడకుండా దుప్పటి సర్దుకుంది.

"కానీ అందరూ అదే రాత్తే మనకేటి లాబం?" అన్నాడు అతను.

"అందరూ దొంగోళ్ళ గురించి రాత్తారు. నువ్వు ఆ పిల్ల గురించి రాయి. మొదట్లో అరుత్తాది. నెల పోయాక అరవడం మానేత్తాది. అడుగుల సప్పుడినిపిత్తే ముందర ఆశ పుడతాది, తరవాత బయం పుడతాది. ఇంకొన్నాళ్ళకి తలుపు తెరిసున్నా గుమ్మం దాటదు. కాళ్ళు రావు. పెద్ద ఇన్‌స్పెక్టరయ్యాక కూడా ఆ బయమే. తలుపు మూత్తే మళ్ళీ ఆ పిల్లైపోతాదని."

వీరేంద్ర ఆమెని కళ్ళార్పకుండా చూశాడు. సూర్యకళ చూపు దించుకుంది. ఎక్కువ మాట్లాడేసిందా?

"ఇయన్నీ నీకెలా తడతన్నాయే?"

"మంచమ్మీద ఇంకేటి పనుంది బావా. ఆలోసించుకుంతన్నాను."

అతను నవ్వాడు. ఆమె చెప్పినదంతా చీమల బారులాంటి అక్షరాలతో కార్డు నిండా ఇరికించాడు. కింద తన పేరు పెట్టుకున్నాడు. ఊహ తనదే కదా మరి.

"డోర్ నంబరు కూడా రాయి బావా. వాటర్ ట్యాంకు ఎనకాలని పెట్టు. ఆళ్ళకి ఇల్లు దొరకాల గదా."

అదీ రాశాడు.

"వన్ టౌన్‌లో పెద్ద పోస్టాఫీసులో ఎయ్యి. ఇక్కడి డబ్బా ఎప్పుడు తెరుత్తారో ఏటో."

"డూటీకి అటే గదా, ఏసేత్తాను. కెమెరావోళ్ళొత్తే నీలం సొక్కా ఎయ్యనా?"

"ఎయ్యి. నీకు బాగుంటాది."

"మరి నిన్ను కూడా అడుగుతారు. ఏటి మాటాడతావు?"

"నాకేటొచ్చు బావా. నువ్వే మాటాడు. నానిక్కడే ఉంతాను."

ఆ జవాబు వీరేంద్రకి నచ్చింది. అన్నం గిన్నె, చెంబుడు మంచినీళ్ళు తెచ్చి మంచం పక్కన పెట్టాడు. "జాగర్త" అన్నాడు.

కార్డు జేబులో పెట్టుకుని, పదకొండు నెలలుగా డ్యూటీకెళ్ళే ముందు రోజూ చేస్తున్నట్టే, ఏ జబ్బూ లేని పెళ్ళాన్ని లోపలుంచి గదికి బయటినుంచి తాళం వేసి, తాళంచెవి మొలతాడుకి కట్టుకున్నాడు.