ఒక్క మాట వదలకుండా

“ఏ దేశం దానివో అడగవయ్యా,” అన్నాడు విచారణాధికారి.

దుబాసీ అడిగాడు. ఎదురుగా నిలబడ్డ ముసలామె తన జాతి భాషలో రెండు ముక్కలు చెప్పింది.

“ఇదే నా దేశం. ఇక్కడే పుట్టాను,” అన్నాడు దుబాసీ.

ఆ ఆఫీసులో పద్ధతి అది. ఎవరి మాట చెబితే వాళ్ళే అయిపోవాలి. ‘ఆమె అంటోంది’ అనకూడదు, ‘నేను’ అనాలి. ఒక్క మాట వదలకూడదు, ఒక్కటి కలపకూడదు. పొద్దుటి నుంచి దుబాసీ తాపీమేస్త్రీ అయ్యాడు, బాలింత అయ్యాడు, కాలు లేని కుర్రాడయ్యాడు. వాళ్ళందరూ పెట్టే బేడా సర్దుకుని సాయంత్రం బస్సులో సరిహద్దు దాటాల్సినవాళ్ళే. మొదట్లో అతని గొంతు వణికేది. ఇప్పుడు వణకడానికి కూడా ఓపిక లేదు.

“ఇక్కడే పుడితే మన భాష రాదేం?”

“కలుపు తీసేదాన్ని. కలుపుకి ఏ భాషైనా ఒకటే,” అన్నాడు దుబాసీ.

మగాడి నోట ‘తీసేదాన్ని’ అని వినగానే గుమాస్తా కిసుక్కున నవ్వాడు. అధికారీ నవ్వాడు.

“మనవాడివై ఉండి వాళ్ళ భాష భలే పట్టావయ్యా.”

“ఉద్యోగం కోసం నేర్చుకున్నాను సార్.”

ఆ జాతివాళ్ళని ఆ ఆఫీసులో ఊడ్చే పనికి కూడా పెట్టుకోరు మరి.

“సరే, ఇది అడుగు. ఈ దేశ పౌరుడైన రక్తసంబంధీకుడు ఎవరైనా వచ్చి ‘ఈమె మా మనిషే’ అంటే ఇక్కడే ఉండనిస్తాం. కొడుకులున్నారా?”

దుబాసీ అడిగాడు. ముసలామె అతని వైపు చూడకుండా, గోడ మీది జెండా వైపు చూస్తూ చెప్పింది.

“ఒక్కడే కొడుకు. పోయాడు,” అన్నాడు దుబాసీ. నాలుక తన పని తాను చేసుకుపోయింది.

“అయితే బస్సెక్కించండి.”

జవాను ఆమె జబ్బ పట్టుకున్నాడు. దుబాసీ పక్కగా పోతూ ఆమె ఒక్క క్షణం ఆగి, గొంతు తగ్గించి ఏదో అంది.

“ఏమంటోంది? తిడుతోందా?” అన్నాడు అధికారి.

దుబాసీ ముందున్న కాగితాలు సర్దాడు.

“చెప్పవయ్యా. ఒక్క మాట వదలకుండా.”

దుబాసీ పొద్దుటి నుంచి మాట్లాడుతున్న గొంతుతోనే చెప్పాడు.

“నీ చొక్కా గుండీ ఊడింది నాన్నా. ఇంటికెళ్ళాక నా కోడలితో చెప్పి కుట్టించుకో.”