విడదీత బరువు

ఊళ్లో ఎవరు పోయినా కాలువగట్టు మీది విడదీత కేంద్రానికే తెస్తారు. అక్కడి యంత్రం శవాన్ని కాల్చదు, కణం కణంగా విడదీసి పెట్టెలో పోస్తుంది. ఆ పెట్టెను సొంతవాళ్లే ఎత్తుకుపోయి కాలువలో కలపాలి. విడదీయకముందు బరువెంత, విడదీశాక బరువెంత అన్నది పైకి చదివి వినిపించడం అక్కడ పనిచేసే సామ్రాజ్యం అనే ఆమె ఉద్యోగం.

రెండో అంకె ఎప్పుడూ ఎక్కువే ఉంటుంది. వేరేవాళ్లది కలిపేశారని జనం తగాదాకు దిగుతారు.

"కణాలు కలిసున్నప్పుడు తేలికమ్మా. వాటిని పట్టి ఉంచే బంధం తెంచడానికి పోసిన బలమంతా బరువైపోద్ది," అని సామ్రాజ్యం పదేళ్లుగా అందరికీ అదే మాట చెబుతోంది.

ఇవాళ ఆమె భర్త రంగనాయకుల్ని తెచ్చారు. తోటి పనివాడు మస్తాన్ కాటా ముందు నిలబడి దాని అద్దాన్ని తుడుస్తూ ఉండిపోయాడు.

"చదువు మస్తానూ. అందరికీ చదవట్లా?"

"ముందు నలభై ఎనిమిది కిలోలక్కా. ఇప్పుడు దానిమీద మూడొందల అరవై గ్రాములు ఎక్కువ."

సామ్రాజ్యం కొంగు బిగించి పెట్టె కింద చేతులు పెట్టింది. పక్షవాతంతో పడ్డ మనిషిని ఆరేళ్లపాటు రోజూ మంచం మీంచి కుర్చీలోకి ఎత్తిన చేతులవి. ఎత్తేటప్పుడు ఆయన పనిచేసే ఒక్క చేతిని ఆమె మెడచుట్టూ వేసి పట్టుకునేవాడు.

పెట్టె కదల్లేదు. మస్తాన్ రెండో పక్క పట్టబోయాడు.

"మనిషిని రోజూ ఎత్తానయ్యా," అంది ఆమె నేలమీద చతికిలబడి. "ఆ మూడొందల అరవై గ్రాములే నావల్ల కావట్లా."