క్షేమంగా చేరింది

"అన్నీ పచ్చగానే ఉన్నాయి కదా భూతద్దం గారూ?" టీమ్ లీడ్ తలుపు సందులోంచి తొంగిచూశాడు. "కంపెనీ పెద్దవాళ్లు వచ్చి కూర్చున్నారు. కాసేపట్లో మన పని చూపించే వంతు."

"పచ్చగానే ఉన్నాయి," అందామె తెర మీంచి చూపు తిప్పకుండా.

సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతకడం ఆమె ఉద్యోగం. ఆ వెతికే తీరు చూసి టీమంతా కలిసి పెట్టిన పేరు భూతద్దం. వాళ్లు తయారుచేసే యాప్ స్కూలు బస్సులది. పిల్ల బస్సు దిగి బడిలో అడుగుపెట్టగానే తల్లి ఫోనుకి 'మీ పాప క్షేమంగా బడికి చేరింది' అని మెసేజ్ వెళ్తుంది. వెళ్తోందో లేదోనని ఆమె రోజూ పొద్దున్నే తన చేత్తో ఒకటి పంపి చూసుకునేది. రెండు వారాలకోసారి కొత్త మార్పులు వదిలే టీముకి ఆ ఒక్క చూపు ఏ మూలకి? అందుకే ఆ పని మిషన్‌కి అప్పజెబుదామని ఆమే పట్టుబట్టింది. "ముందు ఒక్క పరీక్ష. అది నిలబడితేనే రెండోది," అని అందరినీ బతిమాలింది. ఆ మొదటి పరీక్ష ఈ మెసేజే. ఎవరు ఏ మార్పు చేసినా అది దానంతటదే నడిచి ఒక మెసేజ్ పంపి చూస్తుంది. గెలిస్తే తెర మీద పచ్చ, ఓడితే ఎరుపు. ఎరుపొస్తే మార్పు చేసినవాళ్లే అప్పటికప్పుడు సరిదిద్దాలి. మొదట్లో ముక్కు విరిచినవాళ్లే ఇప్పుడు పచ్చ చూడందే ఇంటికి కదలడం లేదు.

"రోజుకి ఎన్నిసార్లు బడికెళ్తుందో ఈ పిల్ల. ఇంత చదువు పిచ్చి నేనెక్కడా చూడలేదు," అనేది లీడ్ ఎప్పుడూ వేసే జోకు. అందరూ నవ్వేవారు. ఆమె కూడా నవ్వేది.

ఇంతలో రిసెప్షన్ నుంచి ఫోనొచ్చింది. "మేడమ్, ఎవరో తల్లి వచ్చారు. పాప మెసేజ్ రావడం ఆగిపోయిందట. ఎంత చెప్పినా కదలడం లేదు."

ఆమెకి పై ప్రాణాలు పైనే పోయాయి. తెర మీద అంతా పచ్చగా ఉండగా ఒక తల్లికి మెసేజ్ అందలేదంటే ఇన్నాళ్ల కష్టమూ బూడిదలో పోసినట్టే. లీడ్ మొహం కూడా మాడిపోయింది.

"ఈ మాట లోపలివాళ్ల చెవిన పడిందా, మన ఆటోమేషన్‌కి ఇవాళే నీళ్లొదులుకోవాలి," అన్నాడు. "ముందు ఆవిడ్ని చూడండి. ఈలోపు నేను కబుర్లతో నెట్టుకొస్తాను."

రిసెప్షన్‌లో ఆవిడ కుర్చీ అంచున కూర్చుని ఉంది. ఫోను రెండు చేతులా పట్టుకుని ఉంది.

"ఎప్పట్నుంచి రావడం లేదండీ?"

"సోమవారం నుంచమ్మా. అంతకుముందు ఎప్పుడూ తప్పలేదు. సెలవుల్లో కూడా వచ్చేది. ఈమధ్యైతే పొద్దుగూకేదాకా వస్తూనే ఉండేది. నేనేమీ అనలేదు. కానీ ఇలా ఉన్నట్టుండి ఆపేస్తే ఎలాగమ్మా?"

ఫోను చేతికిచ్చింది. వేలితో ఎంత పైకి జరిపినా అదే వాక్యం. ఆ ఫోను నెంబరు అడగ్గానే ఆవిడ సగం చెప్పేసరికి మిగతా సగం భూతద్దం నోటికే వచ్చేసింది. రోజూ పొద్దున్నే తను కొట్టిన నెంబరది. మూసేసిన అకౌంటే కదా, ఎవరు చూస్తార్లే అనుకుని పరీక్షకి వాడుకుంది. సోమవారం అన్నీ సర్దుతూ దాన్ని తీసేసి ఉత్తుత్తి నెంబరు పెట్టింది.

హమ్మయ్య, యాప్‌లో తప్పు లేదు అనుకుంది ముందు. అలా అనుకున్నందుకు వెంటనే సిగ్గేసింది.

"క్షమించండి. అవి నిజం మెసేజ్‌లు కావండీ. పరీక్ష కోసం నేను పంపినవి. మీ అకౌంటు మూసేసి ఉంది కదా, అందుకని..."

"మావారు మూయించారు. అస్తమానం ఫోను చూస్తూ కూర్చుంటే పిచ్చెక్కుతుందని."

"ఆయన మీతోనే ఉంటున్నారా?"

"లేదమ్మా. ఆ ఇంట్లో ఉండలేనని వెళ్లిపోయారు."

భూతద్దానికి అంతా అర్థమైంది. మొగుడూ పెళ్లాలు విడిపోయారు, పాప తండ్రి దగ్గరుంది. కన్నతల్లికి మిగిలింది రోజుకో మెసేజ్. అదీ తను పంపిన అబద్ధం.

"మీరేనా పంపింది?" ఆవిడ ఆమె చెయ్యి పట్టుకుంది. "మీ చేత్తోనే?"

"మొదట్లో చేత్తోనే. తర్వాత మిషన్ పంపింది."

"ఎవరైతేనేం. రోజూ పొద్దున ఒక్కటి పంపండి, చాలు. అది చూశాకే నాకు ముద్ద దిగేది."

"అలా వద్దండీ. ఇది పాప ఎక్కడున్నా వచ్చేస్తుంది, దీన్ని నమ్ముకోకూడదు. బడికెళ్లి మీ నెంబరు మళ్లీ రాయించండి. కన్నతల్లిని కాదనడానికి వాళ్లెవరు? కావాలంటే నేనూ వస్తాను. అప్పుడు అసలుదే వస్తుంది."

"అసలుది వద్దమ్మా. ఇదే పంపండి."

"అదేంటండీ, అసలుదైతేనే కదా భరోసా. అది ఎప్పుడూ ఆగదు."

"ఒకసారి ఆగింది."

అద్దాల తలుపు అవతల నుంచి లీడ్ రమ్మని సైగ చేస్తున్నాడు. ఆమె అటు చూడలేదు. ఆగిందన్న మాట వినగానే ఆమెలోని భూతద్దం లేచి కూర్చుంది. వెంట తెచ్చుకున్న ల్యాప్‌టాప్ తెరిచింది.

"ఏ రోజో చెప్పండి. తప్పెక్కడ జరిగిందో ఇప్పుడే చూస్తాను. పట్టుకోకుండా వదలను."

ఆవిడ చెయ్యి చాపి, ల్యాప్‌టాప్ మెల్లగా మూసేసింది.

"మీ తప్పేం లేదు తల్లీ," అంది. "ఆ రోజు బస్సే బడికి చేరలేదు."