నూనె రాసిన గిటారు

వాసిం ఫోన్ చేసేసరికి రత్నబాబు తలుపు గడియ వేసుకుని, ఫ్యాన్ ఫుల్‌లో తిప్పి, బేస్ గిటారు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ప్లగ్గు పెట్టలేదు. పెడితే నందిగామలో సగం వీధికి వినిపిస్తుంది. వినిపిస్తే ఇంకేమైనా ఉందా? వాయిస్తున్నది సినిమా పాట.

"రేపు సాయంత్రం జగ్గయ్యపేటలో ప్రోగ్రాం రా. మన పాత బ్యాచ్ అంతా వస్తున్నారు, నువ్వు తప్ప," అన్నాడు వాసిం.

"తెలుసు."

"తెలిస్తే రా మరి. బేస్ లేకుండా డ్రమ్ములు కొడుతుంటే ఉప్పు లేని కూర తిన్నట్టుందిరా."

వాసింకి జగ్గయ్యపేటలో మొబైల్ షాపుంది. కాలేజీ రోజుల్లో ఇద్దరూ కలిసి వాయించని పెళ్ళిపందిరి ఆ చుట్టుపక్కల లేదు.

"అది మందిరానికి ఇచ్చేసిన గిటారురా. బయట వాయించకూడదు."

"పోనీ కోదాడ నుంచి ఇంకోటి తెప్పిస్తా."

"గిటారు మారితే సరిపోద్దా? మనిషిని నేనేగా!"

"అయితే వెళ్ళి మీ పాస్టరయ్యగారి కాళ్ళు పట్టుకో," అంటూ పగలబడి నవ్వాడు వాసిం.

రత్నబాబుకి నవ్వు రాలేదు. ఫోన్ పెట్టేశాడు.

ఆ గిటారు కొట్లో కొన్నది కాదు. కూనూరులో ఒక ముసలాయన చేత్తో చెక్కింది. ముందు ఎడమ చెయ్యి కాగితం మీద పరిచి, చుట్టూ గీసి పంపమన్నాడాయన. ఏడాది దాటాక పెట్టె వచ్చింది. పనస చెక్క ఒళ్ళు, నల్లచేవ మెడ, లావుపాటి అయిదు తీగలు. మెడ మీద చెయ్యి వేస్తే ప్రతి వేలికీ దాని చోటు దానికుంటుంది. లావు తీగ మీటితే పొట్టలో ఎక్కడో మోగుతుంది.

అలాంటి గిటారు మీద రత్నబాబు ఆదివారం ఆదివారం రెండంటే రెండు స్వరాలు వాయిస్తాడు. పెద్దవాళ్ళు పాడే పాత కీర్తనలకి అంతకంటే అక్కర్లేదు మరి.

చిక్కంతా ప్రతిష్ఠ ప్రార్థనతో వచ్చింది. వాళ్ళ సంఘంలో కొత్త బండి కొన్నా, బోరు మోటారు కొన్నా, నూనె రాసి ప్రార్థన చేయించందే ముట్టుకోరు. తల్లి జయమణి పట్టుబట్టి గిటారుని కూడా మందిరానికి చేర్చింది. పనస చెక్క మీద ఆలివ్ నూనె జారుతుంటే రత్నబాబు ప్రాణం విలవిల్లాడింది. అంతలో, ప్రార్థన ఊపులో, అయ్యగారి నోట ఒక మాట వచ్చేసింది.

"ఈ వాద్యం ఇక దేవుడి సొత్తు! లోకం పాటలకి దీని తీగ కదలకూడదు. వాయించే చెయ్యీ కదలకూడదు!"

సంఘమంతా ఆమెన్ అంది. అందరికంటే గట్టిగా అన్నది రత్నబాబే. ఆ ఆమెన్‌కి ఇప్పటికీ తనని తాను తిట్టుకుంటూనే ఉంటాడు.

అంతటితో ఆగినా బాగుండేది. క్వయర్‌లో కీబోర్డు వాయించే బెన్ని, గరికపాడులో ఎవరిదో దాబా ప్రారంభోత్సవానికి మందిరం కీబోర్డు పట్టుకెళ్ళి సినిమా పాటలు వాయించాడు. ఎవడో వీడియో తీశాడు. ఆ ఆదివారమే అయ్యగారు బెన్నిని అందరి ముందూ నిలబెట్టి, క్వయర్‌లోంచి తీసేశారు. వాడు వెక్కి వెక్కి ఏడ్చాడు. రత్నబాబు వాడి మొహం చూడలేక నేలచూపులు చూశాడు.

తలుపు చప్పుడైంది. గడియ తీస్తే జయమణి. గిటారునీ కొడుకునీ మార్చి మార్చి చూసింది.

"వెళ్దామనే?"

"ఒక్క సాయంత్రం అమ్మా. అది మూగదైపోతోంది. దాంతోపాటు నేనూ."

"వెళ్ళు. వెళ్ళొచ్చాక బెన్ని వాళ్ళమ్మ మొహం ఎట్టా చూస్తావో అది చెప్పి వెళ్ళు."

రత్నబాబు అన్నాడు: "ఆ మాట వెనక్కి తీసుకుంటే పోద్దిగా? నోరు జారింది, తప్పయింది అంటే ఏం పోయింది?"

"అయ్యగారు తప్పయిందంటారా? అదీ సంఘం ముందు?" జయమణి మూతి విరిచింది. "మీ నాన్న రోజుల నుంచీ చూస్తున్నా. అన్నమాట వెనక్కి తీసుకున్న అయ్యగారు ఒక్కరూ లేరు."

ఈ ముడి వేసింది అయ్యగారే, విప్పగలిగిందీ ఆయనే. ఆయనకి ఆ ధైర్యం లేదు. ఆ సంగతి రత్నబాబుకి తెలిసినంతగా ఆ ఊళ్ళో ఇంకెవరికీ తెలియదు.

ఆదివారం మందిరం కిక్కిరిసింది. బెన్ని అందరికంటే వెనక, చాప చివర కూర్చున్నాడు. కీర్తన అందుకున్నారు. రత్నబాబు ఆ రెండు స్వరాలే వాయించాడు. మూడోది వేలి కొసదాకా వస్తే బలవంతాన ఆపుకున్నాడు. అటు చూస్తే బెన్ని వేళ్ళు మోకాలి మీద కీబోర్డు వాయిస్తున్నాయి.

ఈ పూటైనా అయ్యగారు నోరు విప్పి, వాణ్ణి ముందుకి పిలిస్తే! పెద్దలు కాసేపు గొణుక్కుంటారు. అంతేగా!

పాటయ్యాక అందరూ కళ్ళు మూసుకున్నారు. జేబులో ఫోన్ గుర్రుమంది. వాసిం మెసేజ్: 'వస్తున్నావా? అయ్యగారు కరిగారా?'

రత్నబాబు బొటనవేలితో కొట్టాడు: 'కరగలేదు. వేరేవాణ్ణి చూసుకో.'

గిటారుని గోడకి ఆనించి, తెల్లచొక్కా సర్దుకుని, బైబిలు తీసుకుని రత్నబాబు ప్రసంగ వేదిక ఎక్కగానే సంఘమంతా లేచి నిలబడి, "వందనాలు అయ్యగారూ!" అంది.