చదవని తీర్పు

బాసియాని ఆసుపత్రి చంపింది, ఆమె కేసుని కోర్టు చంపింది. అందుకే ఆమె భర్త జెనోన్, జడ్జీల పొగరు దించుతామన్న పార్టీకి ఓటేశాడు. ఆ పార్టీయే గెలిచి ప్రభుత్వంలోకి వచ్చింది.

చనిపోయినవాళ్ళ సమాధుల మీద దీపాలు పెట్టే సకల పునీతుల పండగనాడు, పోలండ్‌లోని లుబ్లిన్ శ్మశానంలో బాసియా సమాధి మీద దీపం పెడుతూ, ఆ కేసు విన్న జడ్జి హలీనా అతనికి కనిపించింది.

"ఆరేళ్ళు నానబెట్టి, ఇప్పుడు దీపమా తల్లీ?"

"తీర్పు రాశానండీ. చదివే ముందురోజు ప్రభుత్వం నన్ను తప్పించింది. ఇంకో కేసులో మంత్రికి గిట్టని తీర్పు ఇచ్చానని."

"కొత్తాయన చదువుతాడుగా!"

"జడ్జి మారితే కేసు మళ్ళీ మొదటినుంచే. సాక్షులు మళ్ళీ రావాలి."

ఒక్కగానొక్క సాక్షి, ముసలి నర్సు, పక్క వరసలోనే కొత్త మట్టి కింద ఉంది.

"మేం గెలిచామా?"

"చదవని తీర్పు చెప్పకూడదండీ."

ఆమె వెళ్ళాక, గాలికి ఆరిన దీపాన్ని జెనోన్ వంగి వెలిగించాడు.

గేటు దగ్గర బావమరిది అడిగాడు. "ఏమంటోంది బావా? ఈసారీ మన పార్టీకేగా?"

"ఆ కేసు మాట, ఆ ఓటు మాట నా దగ్గర ఇంకెప్పుడూ ఎత్తకు."