నూట నాలుగు సూదిపోట్లు

నర్సు కెవ్వుమంది.

"సూది నోట్లో పెట్టుకున్నారేంటమ్మా! తీయండి, ముందు తీయండి!"

టైలరమ్మ ఉలిక్కిపడి పెదాల మధ్య నుంచి సూది తీసింది. ఇరవై ఏళ్ళుగా గుండుసూదులు పంటికింద పట్టుకుని గౌన్లు కుట్టిన నోరు అది. రెండు చేతులకూ పని తగిలితే ఆమెకు మూడో చెయ్యి పెదాలే.

"అలవాటండీ," అంది నాలుక కరుచుకుని.

మూల కుర్చీలో కూర్చున్న ఒక పెద్దాయన పగలబడి నవ్వాడు.

టైలరమ్మకు ఒళ్ళు మండింది. ఎవరి బాధ వాళ్ళది. కంచే చేను మేసినట్టు, ఒంటిని కాయాల్సిన రక్తమే తన కిడ్నీలమీద పడి తినేస్తోంది. లక్షల్లో ఒకరికి వచ్చే జబ్బట. జన్మలో ఒక్క లాటరీ తగలని మనిషికి ఇది మాత్రం ఠంచనుగా తగిలింది.

కొత్తగా ఒక ఇంజెక్షన్ వచ్చింది. వారానికి రెండుసార్లు పొట్టమీద పొడుచుకోవాలి. ఎవరికి వారు పొడుచుకోవడం నేర్చుకుంటేనే మందు ఇంటికిస్తారు. ఆ మందు పడకపోతే ఏడాదిలో డయాలసిస్ తప్పదని డాక్టరు ముఖంమీదే చెప్పేశాడు.

నేర్చుకోవడం మొదలెట్టి ఇవాళ్టికి మూడు రోజులు. స్పాంజి ముక్కమీద చెయ్యి బ్రహ్మాండంగా ఆడుతోంది. తన పొట్ట దగ్గరికి వచ్చేసరికి సూది వెనక్కి తీసేస్తోంది.

"ఫ్రిజ్‌లోంచి తీశాక అరగంట ఆగండమ్మా," అన్నాడు పెద్దాయన, ఎవరూ అడక్కుండానే. "చల్లగా ఉంటే మంట. చర్మం కాస్త పట్టుకుని, ఊపిరి వదులుతూ గుచ్చండి. ఆ టైములో ఎవరినైనా తిట్టుకుంటే ఇంకా హాయి."

"మీకెలా తెలుసు?"

"ఏడాదిపాటు నేనూ పొడుచుకున్నవాణ్ణే. నూట నాలుగు. ఒక్కటంటే ఒక్కటి మానలేదు."

టైలరమ్మ ఆయన ఎడమచేతి వంక చూసింది. మోచేతి దగ్గర కట్టు.

"మరి ఆ కట్టేంటి?"

"డయాలసిస్. నా కిడ్నీలకు ఓపిక తక్కువ," అని మళ్ళీ నవ్వాడు.

భయమేస్తే కొందరు ఏడుస్తారు. టైలరమ్మ అరుస్తుంది.

"పొడుచుకుని పొడుచుకుని మీరే బాగుపడలేదు, నాకు నేర్పుతారా? దయచేసి బయట కూర్చోండి. మిమ్మల్ని చూస్తుంటే ఉన్న ధైర్యం కాస్తా పోతోంది."

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేం.

పెద్దాయన మెల్లగా లేచాడు. ముఖంలో నవ్వు మాత్రం చెరగలేదు.

"వెళ్తానమ్మా. తిట్టుకోడానికి ఎవరూ దొరక్కపోతే మొహమాటపడకండి, నన్నే తిట్టుకోండి."

టైలరమ్మ అరగంట ఆగింది. చర్మం పట్టుకుంది. ఊపిరి వదులుతూ, 'వాగుడుకాయ!' అని మనసులో అనుకుని, కసుక్కున గుచ్చేసింది.

"అయిపోయిందా? ఇంతేనా?"

"ఇంతే!" అని నర్సు చప్పట్లు కొట్టింది.

ఆ రోజే మందు పెట్టెతో ఇంటికి వెళ్ళిపోయింది. గుమ్మం దగ్గర పెద్దాయన కనిపించినా తల వంచుకుని దాటేసింది.

ఆరు నెలలు తిరిగాయి. కాళ్ళవాపు తగ్గి, పాత చెప్పులు మళ్ళీ పట్టాయి. రిపోర్టులు చూసి డాక్టరు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు. "మీ కిడ్నీలు నిలబడ్డాయమ్మా," అన్నాడు.

ఇన్నాళ్ళూ వారానికి రెండుసార్లు పెద్దాయన్ని తిట్టుకుంటూనే ఉంది. మొదట్లో 'వాగుడుకాయ'. తర్వాత 'ముసలాయన'. పోనుపోను అది 'పెద్దాయనా, ఇదిగో చూడండి' అయింది. అలా అయిన వారమే ఆయనకో చొక్కా కుట్టింది. టైలరు కంటికి టేపు అక్కర్లేదు. ఎడమచెయ్యి భుజం నుంచి మణికట్టు దాకా గుండీలే, డయాలసిస్ అప్పుడు చొక్కా విప్పే పని లేకుండా.

పొట్లం పట్టుకుని నర్సు దగ్గరికి వెళ్ళింది.

"అయ్యో, ఆయన రారుగా! పోయిన నెల కిడ్నీ దొరికింది. కొత్త కిడ్నీ పెట్టించుకుని కూతురి ఊరు వెళ్ళిపోయారు. గుర్రంలా ఉన్నారు!"

"అబ్బ, ఎంత చల్లని మాట చెప్పారు!" టైలరమ్మకు నవ్వూ, కళ్ళనీళ్ళూ ఒకేసారి వచ్చాయి. "ఇన్ని గుండీలూ దండగైపోయాయి, పోనీండి. కానీ ఆ రోజు నోటికొచ్చినట్టు అన్నాను. ఆయనకు పని చెయ్యని మందు నాకు పని చేసింది. ఆ ఉసురు..."

"ఆయనకు పని చెయ్యలేదని ఎవరన్నారు?"

"ఏడాదిపాటు పొడుచుకున్నానని ఆయనే అన్నారుగా!"

నర్సు చుట్టూ చూసి దగ్గరికి జరిగింది.

"ఈ మందు బయటికి రాకముందు పరీక్ష పెట్టారమ్మా. ముందుకొచ్చినవాళ్ళలో సగంమందికి మందు, సగంమందికి ఉత్త నీళ్ళు. ఎవరికి ఏది పడుతోందో వాళ్ళకూ తెలీదు, మాకూ తెలీదు. ఇటువైపు వాళ్ళు తేరుకుని, అటువైపు వాళ్ళు తేరుకోకపోతేనే కదా అది మందని తేలేది?"

టైలరమ్మ చెయ్యి పొట్లంమీద ఆగిపోయింది.

"ఏడాది తర్వాత లెక్క విప్పి చూస్తే," అంది నర్సు, "పెద్దాయన ఒక్కటీ మానకుండా పొడుచుకున్నవన్నీ నీళ్ళేనమ్మా."